తాళం లేని హంస

గద్వాలలో సీతారాములు మీసం తెలియనివాళ్లెవరైనా ఉంటే, వాళ్లు నిన్నగాక మొన్న బదిలీ మీద వచ్చినవాళ్లయినా అయి ఉండాలి, ఇంకా కళ్లు తెరవని పసికందులయినా అయి ఉండాలి. ఆ మీసం ముక్కు కింద బయల్దేరి, చెంపలు దాటి, చెవుల దాకా పోయి, ఇక ముందుకు పోవడానికి చోటు లేక వెనక్కి మెలి తిరిగేది. ఒక వానకాలం కృష్ణ నిండుగా పారుతుంటే బీచుపల్లి దగ్గర తానెక్కిన పుట్టి పడవ తిరగబడిందనీ, మీసం కొసను ఒడ్డున ఉన్న తుమ్మకొమ్మకు విసిరి, దాన్ని పట్టుకుని పాకి గట్టెక్కాననీ సీతారాములే చెప్పేవాడు. వినేవాళ్లు నమ్మని మొహం పెడితే, "నేను అబద్ధమాడ్త గావొచ్చు, నా మీసం ఆడదు" అనేవాడు.

"ఆ ఏడు వానలే లెవ్వు. కృష్ణల బర్రెలు గూడ మునగలే" అని వంటింట్లోంచి అతని భార్య రామేశ్వరమ్మ అనేది. సీతారాములు అది వినపడకుండా గట్టిగా దగ్గేవాడు.

అంతటి మీసానికి ఒక కంప్యూటర్ మూలంగా మంగలి సాయన్న చేతి సబ్బునురుగు అంటింది. కమల అనే పిల్ల గీసిన హంస ఒకటి, హైదరాబాదు నుంచి వచ్చిన తాళం ఒకటి, వనపర్తిలో ఉండే బామ్మర్ది ఒకడు, ఈ ముగ్గురూ కలిసి దాన్ని ఆ గతికి తెచ్చారు.

అది తొంభై ఏడో సంవత్సరం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చేనేత సంఘాలు మూడూ కలిసి ఒక సమాఖ్య పెట్టుకున్నాయి. దానికి అధ్యక్షుడు సీతారాములు. ఏదో పథకం కింద మూడు సంఘాలకూ తలా ఒక కంప్యూటర్ వచ్చింది. గద్వాలకు వచ్చింది కొత్తది, సీతారాములు ఇంటి పక్కనే ఉన్న సంఘం గదిలో పెట్టారు. రామేశ్వరమ్మ దాని అద్దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టబోతే, నీళ్లు చిందుతాయని, దాన్ని నడపబోయే కమల రెండు చేతులూ అడ్డం పెట్టింది. వనపర్తిది ఏదో ఆఫీసు వాడి వదిలేసింది. దాని ఫ్యాను తిరిగితే పక్కింటివాళ్లు పిండిగిర్ని పెట్టారనుకుని జొన్నలు తెచ్చేవారని సీతారాములు చెప్పేవాడు. నాగర్‌కర్నూల్‌ది అబ్రహాం అనే గుమాస్తా చేతిలో ఉండేది. ఆయన దాన్ని తుడిచి తుడిచి, బటన్ల మీది అక్షరాలు కూడా తుడిచేశాడు.

కంప్యూటర్లు రాకముందు ఒక ఊరి డిజైను ఇంకో ఊరికి పోవాలంటే గళ్ల కాగితం మీద గీసి బస్సులో పంపేవారు. ఒక గడి ఒక పోగు. నిండిన గడి దగ్గర పోగు లేస్తుంది, ఖాళీ గడి దగ్గర లేవదు. ఆ కాగితం చూసి, వరుసకొక అట్ట చొప్పున అట్టలకు చిల్లులు కొట్టి, మగ్గం నెత్తిన ఎక్కిస్తారు. పద్ధతి మంచిదే. కానీ ఒకసారి గద్వాల నుంచి పోయిన కాగితం టిఫిను గిన్నె కింద ప్రయాణం చేసింది. మామిడికాయ తొక్కు నూనె కారి ఒక మూల మరకయింది. వనపర్తివాళ్లు మహా నిష్ఠగా ఆ మరకను కూడా నేశారు. అదేం విచిత్రమో, ఆ చీరలే ముందు అమ్ముడుపోయాయి. ఢిల్లీలో ఎవరో దొరసాని తొక్కుమొగ్గ అంచు చీరలు ఇంకా కావాలని మనిషిని పంపిందని సీతారాములు చెప్పేవాడు. మనిషి వచ్చిన మాట నిజమే. వచ్చింది కరెంటు బిల్లు కోసం.

అలాంటి సమయంలో హైదరాబాదు నుంచి ఒక పెద్ద పని వచ్చింది. అక్కడ జరగబోయే సభలో అతిథులకు స్వాగతం పలికే ఆడవాళ్లందరికీ ఒకే అంచు చీరలు కావాలట. ఒక్క ఊరు నేస్తే సభ అయిపోయినా చీరలు పూర్తికావు. మూడూళ్లూ ఒకే అంచు నేయాలి. ఎప్పుడూ నేసే కోటకొమ్మ, అదే గుడిగోపురాల వరుస, వద్దు, కొత్తగా ఏదైనా పక్షి కావాలన్నారు.

సంఘంలో కొత్తగా పనిలో చేరిన కమల అప్పుడు హంసను గీసింది. సీతారాములు ఇంటి సందులోనే ఆమె ఇల్లు. వనపర్తిలో టైపు, కంప్యూటర్ రెండూ నేర్చుకుని వచ్చింది. ఆ హంస మెడ వంపు చూసి సీతారాములు, "ఏం బిడ్డా, ఇది మీ అమ్మ మూతి తిప్పినట్టే ఉన్నది గద!" అన్నాడు.

"అమ్మకు చెప్త పెద్దనాయనా."

"చెప్పకు చెప్పకు. ఆమె తిప్పితే నేను తట్టుకోలేను."

హంస కుదిరింది. అది మూడూళ్లకు ఎట్లా పోవాలన్నదే తేలలేదు. సరిగ్గా అప్పుడే మెడకు టై కట్టుకుని ఒక కుర్రవాడు దిగాడు. హైదరాబాదులో ఏదో కంపెనీ తరఫున వచ్చాడు. పేరు చెప్పాడు గానీ ఆ టై ముందు పేరు ఎవరికీ గుర్తుండలేదు. అందరూ టై సారు అనే పిలిచారు. అతను తన ఫ్లాపీ వేసి, కమల హంసను అద్దం మీద రంగుల్లో నిలబెట్టాడు. ఎర్రంచు అన్నాడు, ఎర్రగా అయింది. పచ్చంచు అన్నాడు, పచ్చగా అయింది. హంసను పెద్దది చేశాడు, చిన్నది చేశాడు, తలకిందులు చేశాడు. చూస్తున్నవాళ్ల నోళ్లు మూతపడలేదు. తన మీసం రెండు వైపులా దానంతటదే పైకి లేచిందని సీతారాములు తర్వాత చెప్పుకున్నాడు.

కమల ఒక్కతే కంప్యూటర్ వెనక్కి పోయి చూసింది. అక్కడ బొటనవేలంత నల్లటి ముక్క ఒకటి గుచ్చి ఉంది.

"ఇదేంది సార్?"

"అది తాళం అమ్మా. అది ఉంటేనే మా ఫైలు తెరుచుకుంటుంది. దొంగ కాపీలు చేయకుండా."

"మరి వనపర్తిల?"

"అక్కడికో తాళం కొనాలి. నాగర్‌కర్నూల్‌కీ ఒకటి."

"తాళం పోతే?"

"హైదరాబాదు ఆఫీసుకు వస్తే కొత్తది ఇస్తాం."

"ఆఫీసే లేకుండ పోతే?"

టై సారు నవ్వాడు. "మా ఆఫీసు ఎక్కడికి పోతుందమ్మా!"

ఆ మాట వినగానే సీతారాములు లేచిన మీసం కాస్త కిందికి దిగింది. తాళం అన్నది అతనికి పడదు. దానికి కథ ఉంది.

"సారూ, మా ఇంట్ల ఒక సందుగ ఉండె" అని మొదలుపెట్టాడు. "దానికి బొంబాయి తాళం. చెవి మా చిన్నాయన మొలతాడుకు. నా పెండ్లి పంచె అండ్లనే ఉండె. పెండ్లి రేపనంగ చూస్తే, చిన్నాయన మొలతాడుతోని సహా బొంబాయి మిల్లుకు పనికి పోయిండు. సుత్తెతోని కొట్టినం, తాళం నవ్వింది. గడ్డపారతోని పొడిచినం, గడ్డపార వంగింది. ఆఖరికి అప్పటికే తాటిచెట్టంత పెరిగిన మా బామ్మర్ది మల్లేశం పంచె కట్టుకుని తాళి కట్టిన. అది ఎంత పొడుగంటే, నేను పీటల మీద కూసుంటే దాని కొస పందిరి బయట ఉండె."

"ఆ పంచె ఇప్పటికీ వాపస్ ఇయ్యలే" అని రామేశ్వరమ్మ గుమ్మంలోంచి జోడించింది. మల్లేశం ఆమె తమ్ముడు, వనపర్తి సంఘానికి పెద్ద.

"ఇస్త తియ్యి. సారూ, నేను చెప్పొచ్చేదేందంటే, పంచె నాదే, సందుగ నాదే, కట్టుకునేటందుకు మాత్రం నాకు దిక్కులేదు. ఇప్పుడు హంస మా పిల్ల గీసింది. మా హంస మీ సందుగలకు పోతే, రేపు మేం మీ మొలతాడు వెంబడి తిరగాల్నా?"

టై సారు తెలివైనవాడే. కోపం తెచ్చుకోలేదు. "మరి తాళం లేకుండా మూడూళ్లకు ఎలా పంపుతారు తాతా? మీ మూడు కంప్యూటర్లూ మూడు రకాలు. ఒకదాంట్లో గీసింది ఇంకోదాంట్లో తెరుచుకోదు. మా సాఫ్ట్‌వేర్ ఒక్కటే మూడింటినీ కలుపుతుంది" అన్నాడు.

అప్పుడు కమల చెప్పింది. బొమ్మగా పంపితేనే కదా ఆ చిక్కు. వట్టి అక్షరాలుగా పంపితే? లేచే పోగుకు ఇంటు గుర్తు, లేవని పోగుకు చుక్క. గళ్ల కాగితంలో వరుస ఎట్లుంటే ఫైలులో వరుస అట్లనే. రంగులుండవు, వయ్యారాలుండవు. వట్టి అక్షరాల ఫైలు తెరవలేని కంప్యూటర్ ఈ భూమ్మీద లేదు. వనపర్తి పిండిగిర్ని కూడా తెరుస్తుంది.

"అమ్మా, అది హంసలా ఉంటుందా, ముగ్గు పెట్టి చెరిపినట్టు ఉంటుందా?" అన్నాడు టై సారు.

సంఘంలో నలుగురు నవ్వారు. రంగుల హంసను చూసిన కళ్లకు ఇంటు గుర్తులూ చుక్కలూ ఆనలేదు. కంపెనీదే కొందామని, దాన్ని నడపడానికి కంపెనీ మనిషే వస్తాడట కాబట్టి ఆ కుర్చీలో అతన్నే కూర్చోబెడదామని ఒకాయన మెల్లగా అన్నాడు. కమల మొహం చిన్నబోయింది. ఆ కుర్చీ ఆమెది. ఆ కుర్చీ కోసం పొద్దున్నే బస్సెక్కి వనపర్తి పోయి చదువుకుంది.

సీతారాములుకు కంప్యూటర్ గురించి తెలిసింది సున్న. కానీ ఆ పిల్ల మొహం చూశాక అతని నోరు అతని మాట వినలేదు.

"ఇగో సారూ! మూడూళ్లల్ల మా పిల్ల ఫైలుతోనే నేపిస్త. మూడు అంచుల మచ్చులు నీ ముందల పక్కపక్కకు పరుస్త. మూడు హంసలు ఒక్క తీరుగ లేకపోతే నీ తాళాలు మూడు కొంట. కుర్చీ మీ మనిషికిస్త. ఇంకా..." అని ఆగాడు. ఆగకుండా ఉంటే బాగుండేది. "నడిబజార్ల కూసుండి ఈ మీసం తీపిచ్చుకుంట!"

గదిలో మీసాలున్నవాళ్లంతా తమ మీసాలు తడుముకున్నారు.

"పెద్దనాయనా, నడుమ మీసమెందుకు?" అంది కమల నీరసంగా.

"అన్నంక వాపస్ తీసుకునుడు లేదు బిడ్డా."

"పంచె లెక్క" అంది రామేశ్వరమ్మ.

మర్నాడే సీతారాములు హంసను తీసుకుని వనపర్తి బస్సెక్కాడు. హంస ఒక నల్లటి ఫ్లాపీలో ఉంది. ఇనుప వస్తువుల దగ్గర పెట్టొద్దని, ఎండ తగలనీయొద్దని కమల చెప్పింది. దాన్ని పట్టుముక్కలో చుట్టి, చేతిసంచిలో పెట్టి, సంచిని గుండెలకు హత్తుకుని కూర్చున్నాడు. కండక్టరు పాండు, ఎప్పటినుంచో తెలిసినవాడే, చూసి ఆగాడు.

"తాతా, ఏముందండ్ల? కోడిపిల్లనా?"

"హంస."

"అట్లనా! దానికి సగం టికెట్ కొట్టాల్నా, పూర టికెట్ కొట్టాల్నా?"

"రెక్కలున్నదానికి టికెట్ ఏంది, అది ఎగిరొస్తది. నాకు కొట్టు."

దారి పొడుగునా బస్సులో అందరికీ ఆ హంస కథ చెప్పాడు. కొత్తకోట వచ్చేసరికి అది మాట్లాడే హంస అయింది.

వనపర్తి సంఘంలో మల్లేశం ఎదురొచ్చాడు. మనిషి ఇప్పటికీ తాటిచెట్టే. మీసం పందెం కథ అప్పటికే అతని దాకా వచ్చింది. "రా బావా! ఇయ్యాల మీసంతోనే వచ్చినవ్, మళ్ల వచ్చేటప్పటికి గుర్తుపడ్తనో లేదో" అన్నాడు.

"నవ్వురా నవ్వు. ముందు నీ గిర్ని తిప్పు."

అక్కడ కంప్యూటర్ చూసేది సరోజ అనే పిల్ల. కమలతోనే చదువుకుంది. ఫ్లాపీ లోపలికి తోసింది. యంత్రం గుర్రుమంది, దగ్గింది, కాసేపు ఆలోచించింది. అప్పుడు అద్దం నిండా చుక్కలూ ఇంటు గుర్తులూ పరుచుకున్నాయి.

సీతారాములు ముందుకు వంగి చూశాడు. చీమల పుట్ట చెదిరినట్టుంది. మెడా లేదు, ముక్కూ లేదు.

"ఏది బిడ్డా హంస?"

"కండ్లు సగం మూసి, జర ఎనుకకు జరిగి చూడమన్నది తాతా కమల" అంది సరోజ.

రెండడుగులు వెనక్కి వేశాడు. కళ్లు సగం మూశాడు. చుక్కలు ఒకదాంట్లో ఒకటి కరిగిపోయాయి. వాటి మధ్య నుంచి, పొద్దున్నే మంచులో చెరువు మీద కనపడినట్టు, మెడ వంచిన హంస తేలి వచ్చింది. కమల వాళ్లమ్మ మూతి తిప్పినట్టే, అచ్చం అట్లాగే.

"ఓరి నీ! కనవడ్డది! బామ్మర్దీ, ఇక్కడికొచ్చి కండ్లు మూస్కో!"

మల్లేశం కూడా వచ్చి పక్కన నిలబడి కళ్లు చికిలించాడు. ఇద్దరు ముసలివాళ్లూ భుజం భుజం ఆనించుకుని, మెడలు వెనక్కి వంచి, కళ్లు సగం మూసి నిలబడితే, వీళ్లకేమైందోనని నీళ్లు తెచ్చిన మనిషి గడప దగ్గరే ఆగిపోయింది. సరోజ నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల పెట్టేసుకుంది.

ఆ సాయంత్రం నాగర్‌కర్నూల్ నుంచి అబ్రహాం కూడా ఫోన్ చేశాడని తెలిసింది. ఆయనకు పంపిన ఫ్లాపీ కూడా తెరుచుకుంది. "కండ్లు మూసినంక మంచిగ కనవడుతున్నది, పూర మూసినా కనవడుతున్నది" అన్నాడట.

సీతారాములు పోయే ముందు వనపర్తి మగ్గాలు ఒకసారి చూసి వెళ్లాడు. అక్కడ ఒక అలవాటుంది. వాళ్ల తాతల నాటి నుంచి చీరను బోర్లా నేస్తారు. ముఖం కిందికి, వీపు పైకి. చేతి చెమటా దుమ్మూ ముఖానికి అంటవని. గద్వాలలో వెల్లకిలా నేస్తారు, ముఖం పైకి. నాగర్‌కర్నూల్‌వాళ్లు గద్వాలలో నేర్చుకున్నారు కాబట్టి వాళ్లూ అంతే. ఈ సంగతి మీద బావాబామ్మర్దులు ఎన్నేళ్లుగానో ఎకసెక్కాలాడుకుంటున్నారు.

"ఏంరా, ఇంకా బోర్లనే పండవెడ్తున్నరా చీరెను?" అన్నాడు సీతారాములు ఆ రోజు కూడా.

"మా చీరెలకు సిగ్గెక్కువ బావా, మీ చీరెల లెక్క మొగం చూపియ్యవు" అన్నాడు మల్లేశం.

ఇద్దరూ నవ్వుకున్నారు. అంత నవ్వుకున్నా, ఎదురుగా ఉన్నది ఇద్దరికీ తట్టలేదు. తట్టకపోవడంలో వింతా లేదు. అప్పటిదాకా మూడూళ్ల మధ్యా తిరిగింది కోటకొమ్మలూ మొగ్గలూ. వాటికి కుడీ ఎడమా ఒకటే. బోర్లా నేసినా వెల్లకిలా నేసినా ఒకే తీరుగా వస్తాయి. ముక్కున్నది ఆ కాగితాల్లో ఎప్పుడూ ప్రయాణం చేయలేదు.

అట్టలు కొట్టారు. ఒకరు కాగితం చూసి "ఇంటు, ఇంటు, చుక్క, ఇంటు" అని చదువుతుంటే ఇంకొకరు చిల్లు కొట్టేవారు. గద్వాలలో ఆ వరుసలు పాటలాగా వీధిలోకి వినపడేవి. రామేశ్వరమ్మ కూడా రొట్టెలు చేస్తూ "ఇంటు ఇంటు చుక్క" అనడం మొదలుపెట్టింది.

అనుకున్న రోజు వచ్చింది. సంఘం ముందు చాప పరిచారు. టై సారు కొత్త టైతో వచ్చాడు. మీసం చూడ్డానికి సగం బజారు వచ్చింది. సాయన్న కత్తీ గిన్నే ఉన్న పెట్టె చంకలో పెట్టుకుని, తనకేమీ తెలియనట్టు గోడవారన నిలబడ్డాడు.

"నిన్నెవల్రా పిలిచింది?" అన్నాడు సీతారాములు.

"ఎవలు పిలవలే తాతా. ఊర్కనే వచ్చిన. కత్తి మాత్రం నూరుకొచ్చిన."

ముందు గద్వాల మచ్చు పరిచారు, జానెడు అంచు. జరీ హంస మెడ వంచి కొంగు వైపు చూస్తోంది. జనం ఆహా అన్నారు. పక్కన అబ్రహాం తెచ్చింది పరిచాడు. అదే హంస, అదే మెడ, అదే చూపు. పోగు తేడా లేదు. టై సారు మోకాళ్ల మీద కూర్చుని వేలుతో గీతలు లెక్కపెట్టి, నిజాయితీగా తలూపాడు. కమల మొహంలోకి రంగు వచ్చింది. సీతారాములు మీసం ఒక వైపు మెలి తిప్పాడు.

మూడోది మల్లేశం సంచిలోంచి తీసి పరిచాడు.

హంస వెనక్కి చూస్తోంది.

మెడ అదే. వంపు అదే. ముక్కు మాత్రం కుచ్చిళ్ల వైపు. రెండు హంసలు అటు పోతుంటే, అలిగి పుట్టింటికి బయల్దేరినట్టు ఇది ఇటు పోతోంది.

సీతారాములు చేయి మీసం మీదే ఆగిపోయింది. ఒక్క క్షణంలో అంతా తట్టింది. బోర్లా చీర! ఎన్నేళ్లు నవ్వాడో అన్నేళ్లూ కలిసి వచ్చి ఎదుట కూర్చున్నాయి.

"అయ్యో" అంది కమల, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. "బోర్ల నేస్తరని రాయనే లేదు నేను. పెద్దనాయనా, తప్పు నాదే."

"మా సాఫ్ట్‌వేర్‌లో అయితే తిప్పే బటన్ ఉంది" అన్నాడు టై సారు. గెలిచినందుకు అతనికే మొహమాటంగా ఉంది. "మీసం సంగతి వదిలేయండి తాతా. సరదాకి అన్నారు."

"వదిలేసుడు లేదు" అన్నాడు సీతారాములు. కమల వైపు చూసి, "తప్పు నీదేంది బిడ్డా, గన్నేండ్ల నుంచి ఆ బోర్ల చీరెల్ని చూసుకుంట నవ్వింది నేను. సాయన్నా, తే" అన్నాడు.

సాయన్న స్టూలు వేశాడు. సీతారాములు కూర్చున్నాడు. సాయన్న అతని మెడ చుట్టూ తువ్వాల కట్టాడు. గిన్నెలో సబ్బు నురుగు తీసి, ఎడమ వైపు మీసానికి మెల్లగా, చంటిపిల్లకు నలుగు పెట్టినట్టు పూశాడు. జనంలో ఒక ముసలమ్మ కళ్లొత్తుకుంది. రామేశ్వరమ్మ కూడా ఇంట్లోంచి బయటికి వచ్చింది. ఆ మీసాన్ని ఎన్నిసార్లు ఎకసెక్కం చేసినా, అది లేని మొహాన్ని ఆమె ఒక్కనాడూ చూడలేదు.

సాయన్న కత్తి తెరిచాడు. పైకెత్తాడు.

"ఆగాగు" అన్నాడు మల్లేశం.

తాపీగా సంచిలో చేయి పెట్టాడు. అందులోంచి ఇంకో జానెడు అంచు తీశాడు. దులిపాడు. అలిగిన హంసను పక్కకు జరిపి, దాని చోట ఇది పరిచాడు. మూడు హంసలూ కొంగు వైపు మెడ వంచి, ఒకదాని వెనక ఒకటి బారులు తీరాయి.

టై సారు మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని గీతలు లెక్కపెట్టాడు.

"మొదటిది మగ్గం మీద ఉండంగనే, చీరె తిప్పి చూసి కనుక్కున్నం బావా" అన్నాడు మల్లేశం. "సరోజ కూసున్నది. ఫైలు తెరిచింది. నెత్తి మీద ఒక వరుస రాసింది. ఇగో."

మడత పెట్టిన కాగితం విప్పాడు. అంతా ఇంగ్లీషు అక్షరాలే, మాటలు మాత్రం తెలుగు. తెలుగు అక్షరాలు ఒక కంప్యూటర్‌లో కొడితే ఇంకోదాంట్లో వంకరగీతలవుతాయని కమలా సరోజా ముందే అట్లా మాట్లాడుకున్నారు. కమల పైకి చదివింది.

"హంస ముక్కు కొంగు దిక్కు ఉండాలె. చీరె బోర్ల నేసేటోళ్లు ప్రతి వరుస కుడి దిక్కు నుంచి సదువుకోవాలె."

"గంతే. కుడి నుంచి చదివి మళ్ల అట్టలు కొట్టినం. ఎవల్నీ అడగలే. హైదరాబాద్ పోలే. అడిగేటందుకు దానికి తాళమే లేకపాయె."

సీతారాములు స్టూలు మీంచి మెల్లగా లేచాడు. సగం మీసం తెల్లటి నురుగులో, సగం నల్లగా మెలి తిరిగి ఉంది.

"గిది నీ సంచిల పొద్దటి సంది ఉన్నదా?"

"ఉన్నది."

"మరి ముందుగాల ఎందుకు తియ్యలేదురా?"

"ముందుగాల తీస్తే నీ మూతికి సబ్బు పెట్టుడు ఎట్ల చూస్త బావా?"

ఆ తర్వాత జరిగింది గద్వాల బజారు చాలా కాలం చెప్పుకుంది. మెడకు తువ్వాల, మూతికి సగం నురుగుతో సీతారాములు ముందుకు ఉరికితే, తాటిచెట్టంత మల్లేశం వీధిలో పడుగు నూలు ఆరబెట్టినవాళ్ల మధ్య నుంచి గంతులేసుకుంటూ పరుగెత్తాడు. "అక్కా, బావను పట్టుకో!" అని మల్లేశం, "తమ్మీ, నువ్వు ఆగకు!" అని రామేశ్వరమ్మ. సాయన్న వెనకే గిన్నె పట్టుకుని, "తాతా, నురుగు ఆరిపోతున్నది, ఏదో ఒకటి చెప్పు!" అని అరుస్తూ వెళ్లాడు. రొప్పుతూ ఇద్దరూ చివరికి మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగి, ఒకరి భుజాన్ని ఒకరు పట్టుకుని పడీపడీ నవ్వారు.

తిరిగి వచ్చేసరికి టై సారు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. కమల కుర్చీలో కాదు, పక్కన స్టూలు మీద, సాయన్న వేసిన స్టూలే. కమల ఫైలు తెరిచి నెత్తి మీది వరుస చూపిస్తోంది.

"మా దాంట్లో ఇట్లా మాట రాసుకునే చోటు లేదమ్మా" అంటున్నాడు. "తిప్పే బటన్ ఉంది గానీ, ఎవరు ఎందుకు తిప్పాలో చెప్పే చోటు లేదు." కాసేపు గీతలు చూసి, కళ్లు సగం మూసి, మళ్లీ తెరిచి, "ఈ ఫ్లాపీ ఒకటి నాకిస్తారా? మా సాఫ్ట్‌వేర్ కూడా ఇది చదివేలా చేయమని మావాళ్లకు చెప్తా. రంగులు కావాల్సినవాళ్లు మా దాంట్లో చూసుకుంటారు, అట్టలు కొట్టేవాళ్లు మీ దాంట్లో చదువుకుంటారు" అన్నాడు.

"తీస్కపో సారూ" అన్నాడు సీతారాములు, మూతి తుడుచుకుంటూ. "ఎవలన్నా తీస్కపోవచ్చు. అందుకే గద అట్ల పెట్టింది."

సమాఖ్యలో ఆ పూటే తీర్మానం అయింది. మూడూళ్ల మధ్యా తిరిగే డిజైన్లూ, సభల కాగితాలూ అన్నీ వట్టి అక్షరాల ఫైళ్లలోనే ఉండాలి, ప్రతిదాని నెత్తి మీదా ఎట్లా చదవాలో ఒక వరుస రాసి ఉండాలి. కుర్చీ కమలదే. తీర్మానం రాసింది కూడా ఆమే. టై సారు పోతూ పోతూ తన తల్లికి ఒక హంస అంచు చీర కావాలని చెప్పిపోయాడు. అలిగిన హంస ఉన్న మచ్చును కమల అడిగి తీసుకుని, కంప్యూటర్ మీద కప్పే గుడ్డకు అంచుగా కుట్టుకుంది.

హైదరాబాదు సభలో ఆడవాళ్లు వరుసగా నడుస్తుంటే, మూడూళ్ల హంసలూ ఒక్క చెరువులోవి అన్నట్టు ఒక్క దిక్కే చూస్తూ కదిలాయి. ఆ సభకు పోయివచ్చిన అబ్రహాం ఈ మాట చెప్పాడు. సీతారాములు మాత్రం ఆ హంసలు చప్పట్లకు చీరల మీంచి లేచి, సభ చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, మళ్లీ వచ్చి దేని అంచులో అది కూర్చున్నాయని చెప్పేవాడు. సాయన్న కత్తి తన మీసానికి తగిలి మూడు ముక్కలైందని కూడా చెప్పేవాడు. నమ్మనివాళ్లకు ఎడమ కొస చూపించి, "చూడు, ఇక్కడ జర తళతళలాడుతున్నది. అది ఉక్కు తగిలిన గుర్తు" అనేవాడు.

"అది సబ్బు" అనేది రామేశ్వరమ్మ వంటింట్లోంచి. "సరిగ్గ కడుక్కోలే. ఆ పంచె గూడ గట్లనే నానవెట్టి ఉంచిండు, తమ్మి అడిగితే ఇంకా ఆరలేదంటడు."